ఏడో తొట్టెలో నత్తలు

జీవశాస్త్రం ల్యాబులోకి కొత్తగా వచ్చిన ఏ విద్యార్థి అయినా మొట్టమొదట నేర్చుకునేది పాఠం కాదు, మూత పెట్టడం. మందు సీసాకు మూత, స్పిరిట్ దీపానికి మూత, పిండి పురుగుల డబ్బాకు గుడ్డ మూత. మరిచిపోతే గది అవతలి కొసనుంచి ఒక గొంతు ఖంగుమంటుంది: “మూత ఎవరు పెడతారు, మీ తాతగారొచ్చి పెడతారా?” అందుకే ఆ ల్యాబ్ అటెండరుకు మూతలక్క అన్న పేరు ఖాయమైపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఆవిడ కూడా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఒక క్షణం ఆగి, నన్నేనా అన్నట్టు చూస్తుంది.

నలభై ఏడేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే సింకు, అవే రాతి బల్లలు. మొదటి సంవత్సరం పిల్లలకు జనాభాల పాఠం ఒకటుంది. ఒక చోట ఒక జాతి ప్రాణులు ఎన్ని ఉన్నాయి, ఎందుకు పెరుగుతాయి, ఎప్పుడు తగ్గుతాయి, పక్క జాతితో ఎలా సర్దుకుపోతాయి అన్నదే ఆ పాఠం. దానికి కావలసిన ప్రాణులన్నీ మూతలక్క పెంపకమే. పిండి పురుగులకు పిండి జల్లించేదీ ఆవిడే, కాలేజీ వెనక కుంటలోంచి నత్తలను ఏరుకొచ్చేదీ ఆవిడే. సెలవుల్లో అందరూ తాళాలేసుకుని వెళ్ళిపోతే, రెండు రోజులకోసారి వచ్చి వాటి బాగోగులు చూసి వెళ్ళేదీ ఆవిడే.

పాత టెక్నీషియన్ ఉద్యోగ విరమణ చేసి ఏడాది అయింది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. అటెండర్లు కూడా ఆ కుర్చీ ఎక్కవచ్చు, కాకపోతే మొదటి సంవత్సరం పేపర్లు కొన్ని పాసవ్వాలని కాలేజీ వాళ్ళ నిబంధన. మూతలక్క మిగిలినవన్నీ గట్టెక్కింది. ఈ జనాభాల పేపరు ఒక్కటే ఆవిడను మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది. మూడంటే మూడే అవకాశాలు. రెండు అయిపోయాయి.

మొదటిసారి భయంతో పోయింది. రెండోసారి పోయిన తీరు మాత్రం ఆవిడకే చేతనవుతుంది. తిండి పరిమితంగా ఉన్నప్పుడు జనాభా ఎలా పెరుగుతుందో గీత గీసి వివరించమన్నారు. పుస్తకంలో ఆ గీత మెల్లగా పైకి లేచి, పైన బుద్ధిగా చదునుగా నిలబడుతుంది. ఆవిడ గీతను పైదాకా లాగి, అక్కడినుంచి ఒక్కసారిగా కిందికి దించేసి, పక్కన ఇలా రాసింది: “పుస్తకంలో ఉన్నట్టు మా డబ్బాలో జరగదు. పిండి పురుగులు ఎక్కువైతే వాటి గుడ్లను అవే తినేస్తాయి. కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు.” చూడడానికి ఎవరూ రాలేదు. సున్నా మాత్రం వచ్చింది.

“నువ్వు పరీక్ష రాశావా, పోట్లాట పెట్టుకున్నావా?” అన్నాడు ఆవిడ భర్త ఆ మార్కులు చూసి. కుట్టుమిషన్లు బాగుచేస్తాడాయన. ఇంటి ముందు గదిలో పొద్దస్తమానం ఏదో ఒక మిషను పొట్ట విప్పుకుని కూర్చుంటాడు. అంతకుముందు భార్యను “టెక్నీషియన్ గారూ, కాఫీ” అని ఆటపట్టించేవాడు. ఆ సున్నా వచ్చాక ఆ పిలుపు మానేశాడు. మానేసినందుకు మూతలక్కకు ఎంత కష్టమనిపించిందో, ఆటపట్టించినప్పుడు కూడా అంత అనిపించలేదు.

ఈసారి రాతపరీక్షలో ఒళ్ళు దగ్గర పెట్టుకుని, పుస్తకం ఎలా చెబితే అలా గీత గీసి వచ్చింది. ఇక మిగిలింది ప్రయోగ పరీక్ష. ఇందులో పోతే మళ్ళీ రాసే హక్కు లేదు. ఆ కుర్చీలోకి బయటినుంచి ఇంకెవరో వస్తారు. పిండి పురుగుకూ బియ్యపు పురుగుకూ తేడా తెలియని మనిషి వచ్చి, “ఏమ్మా, ఇది కడుగు, అది తుడువు” అంటుంటే ఇంకో పదమూడేళ్ళు తల వంచుకుని కడగాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకు ఒంటికి కారం రాసినట్టుండేది.

ప్రయోగం ఇది. తొట్టెలో నీళ్ళు, నాచు, కొన్ని నత్తలు ఉంటాయి. ఎన్నో విద్యార్థికి చెప్పరు. చిన్న వలతో ముప్ఫై నత్తలు పట్టి, గుల్లల మీద గోళ్ళరంగు చుక్క పెట్టి, ఆరాక తిరిగి వదలాలి. గంట ఆగి మళ్ళీ ముప్ఫై పట్టాలి. అందులో చుక్క ఉన్నవి ఎన్ని వచ్చాయో చూసి, మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కట్టాలి. చుక్కవి ఎక్కువగా దొరికితే తొట్టెలో నత్తలు తక్కువని, చుక్కవి అరుదుగా దొరికితే నత్తలు చాలా ఉన్నాయని అర్థం. అంచనా అసలు సంఖ్యకు దగ్గరగా వస్తేనే మార్కులని పిల్లల నమ్మకం. మూతలక్క నమ్మకం కూడా అదే.

అసలు చిక్కు పరీక్షకు ముందురోజు మొదలైంది.

డిపార్ట్‌మెంట్ హెడ్డును అందరూ పెద్దసారంటారు. మంచి మనిషే, మతిమరుపు మాత్రం జాస్తి. మూతలక్క తానే పరీక్ష రాస్తోంది గనుక, తొట్టెలు సర్దవలసింది కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. అతను జ్వరమని సెలవు పెట్టాడు. పెద్దసారు చెవికి ఫోను పెట్టుకునే ల్యాబులోకి వచ్చి, ఒక చీటీ మూతలక్క చేతిలో పెట్టి, “పన్నెండు తొట్టెలు. ఇందులో రాసినట్టు లెక్కపెట్టి వేసెయ్యమ్మా. ఎవరికీ చూపించకు” అని, ఫోనులో మాట్లాడుకుంటూనే వెళ్ళిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా అలాంటి చీటీలు ఆవిడకే ఇచ్చిన చెయ్యి. పరీక్ష రాసే పన్నెండు మందిలో ఆవిడ కూడా ఒకతె అని ఆయనకు తట్టనే లేదు.

“సార్, నేను కూడా...” అని నోరు తెరిచింది. ఆయన అప్పటికే గుమ్మం దాటాడు. వెంటపడి చెప్పవచ్చు. చెప్పలేదు. చెప్పడానికి వీలు కాలేదా, మనసే ఒప్పలేదా అన్నది ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను అడిగినా తేల్చుకోలేకపోయింది. పదేసి చొప్పున రెండేసిసార్లు లెక్కపెట్టి వేసింది. చూడకూడదనుకున్న కళ్ళే అన్నీ చూశాయి. ఆరో తొట్టెలో నూటపది, ఏడులో నూట ఎనభై, ఎనిమిదిలో అరవై. మరిచిపోదామన్నా మరిచిపోయే బుర్ర కాదు ఆవిడది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకే బయటి కాలేజీనుంచి పరీక్షకురాలు దిగింది. సన్నగా, పొడుగ్గా, గొలుసు కళ్ళజోడుతో ఉన్న మనిషి. గట్టిగా నవ్విన ఆనవాళ్ళు ముఖంలో ఎక్కడా లేవు. “తాళం చెవి ఇవ్వండి. నేను ఒక్కదాన్నే చూసుకోవాలి” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అరగంట తర్వాత తలుపు తెరిచి, చెయ్యి తుడుచుకుంటూ తన బల్ల దగ్గర కూర్చుంది.

పదింటికి అందరినీ లోపలికి పిలిచారు. మూతలక్క అలవాటుగా ఏప్రన్ తొడుక్కోబోయి, ఇవాళ తానే విద్యార్థిని కదా అని నాలుక కరుచుకుంది. ఆవిడ కళ్ళు ముందుగా పోయింది పరీక్షకురాలి బల్ల కిందికి. అక్కడ ఒక బకెట్టు ఉంది. మీద మూత లేదు, తడిగుడ్డ కప్పి ఉంది. బకెట్టు చుట్టూ నీటి చుక్కలు. ఇంకో రోజైతే “ఎవరిదీ బకెట్టు?” అని ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ నోరు కట్టేసుకుంది.

చీట్లు తీశారు. ఆవిడకు ఏడో తొట్టె వచ్చింది.

నూట ఎనభై. ఆ అంకె కళ్ళముందు నిలబడి కదలనంటోంది. పక్కన ఎనిమిదో తొట్టె దగ్గర నిలబడిన అమ్మాయి, “అక్కా, మీకేం భయం? మీ నత్తలే కదా” అని గుసగుసగా నవ్వింది. మూతలక్క నవ్వలేదు. చెయ్యి పైకెత్తి చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఏమవుతుంది? పరీక్ష ఆపేస్తారు. మూడో అవకాశం అక్కడికక్కడే పోతుంది. పెద్దసారును నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. చెయ్యి లేవలేదు.

పద్ధతి ప్రకారం చేద్దాం, వచ్చింది రాద్దాం, అంతే అనుకుని వల తీసుకుంది. తాను ఏటా పిల్లలకు చెప్పేట్టే నాలుగు మూలలా, అడుగునా, నాచు కిందా వేసింది. ముప్ఫై పట్టింది. గుల్లలు తుడిచి ఒక్కొక్కదానికీ ఎర్ర చుక్క పెట్టింది. తొందరలో రెండిటికి చుక్క సాగిపోయింది. ఆరాక వదిలి, స్టూలు మీద కూర్చుంది.

ఆ గంట గడవలేదు. గోడ గడియారం ముల్లు నిద్రపోతున్నట్టుంది. పరీక్షకురాలు వరసల మధ్య చెప్పుల చప్పుడు లేకుండా నడుస్తూ, ఆగి, చూసి, ఏదో రాసుకుంటోంది. ఆవిడ తన వెనక ఆగిన ప్రతిసారీ మూతలక్క తొట్టెలోకి చూస్తూ కూర్చుంది. చుక్క పెట్టిన నత్తలు నాలుగైదు మెల్లగా తొట్టె అంచుకు పాకి, నీటి పైభాగాన అతుక్కున్నాయి. ముప్ఫైకి చుక్క పెట్టి, మళ్ళీ ముప్ఫై పడితే, మొత్తం నూట ఎనభై అయితే చుక్కవి అయిదు రావాలి. ఈ లెక్క చెయ్యకూడదనుకుంటూనే పదిసార్లు చేసింది. అయిదు రావాలి. అయిదే రావాలి.

రెండోసారి వల వేసింది. మళ్ళీ నాలుగు మూలలా, అడుగునా, నాచు కిందా. తెల్ల ట్రేలో పోసి లెక్కపెట్టింది.

చుక్కవి పది వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. పదే. అంటే తొంభై. నూట ఎనభై ఉన్న చోట తొంభై! సగానికి సగం తప్పు. ఇరవై రెండేళ్ళు పిల్లల చేతులు పట్టుకుని ఈ ప్రయోగం చేయించిన మనిషి, తన వంతు వచ్చేసరికి సగం తప్పు!

పది అని రాసిన చోట రబ్బరు పెట్టి తుడిచింది. అయిదు అని రాసింది. ఎంత సులువు! ముప్ఫై ఇంటూ ముప్ఫై బై అయిదు, నూట ఎనభై. నూటికి నూరు, కుర్చీ, ఇంటి దగ్గర “టెక్నీషియన్ గారూ” అన్న పిలుపు. ఎవరూ చూడలేదు. పక్క పిల్ల తన తొట్టెలో తలదూర్చి ఉంది.

ట్రేలో పది ఎర్ర చుక్కలు మెల్లగా మెదులుతున్నాయి. ఒకటి కొమ్ములు చాపి ట్రే అంచు ఎక్కుతోంది. కాగితం మీద అయిదు. ట్రేలో పది. ఎన్నేళ్ళు ఇదే బల్ల దగ్గర నిలబడి పిల్లలను కసిరింది! “లెక్క తప్పితే తప్పనీ. దిద్దావో, నా ల్యాబులో నీకు చోటు లేదు” అనేది. ఒకసారి ఒక పిల్లవాడిని ఏడిపించింది కూడా. అయిదు తుడిచేసి పది అని రాసింది. కాగితం అక్కడ పలచబడి చిరిగినంత పనైంది.

కానీ తొంభై అని రాసి ఊరుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. తప్పని తెలిసిన అంకె కింద సంతకం ఎలా పెడుతుంది? అంచున అతుక్కున్న ఎర్ర చుక్కలు గుర్తొచ్చాయి. కింద రాసింది: “ఈ అంచనా అసలు సంఖ్యకన్నా చాలా తక్కువ అనుకుంటాను. చుక్క పెట్టిన నత్తలు అంచుకు చేరాయి. అందుకే వలలో అవే ఎక్కువగా పడ్డాయి.”

మౌఖిక పరీక్షకు ఒక్కొక్కరినీ పిలిచారు. ఆవిడ వంతు చిట్టచివర వచ్చింది. మిగిలిన వాళ్ళంతా వెళ్ళిపోయారు. పెద్దసారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పరీక్షకురాలు కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. చిరిగినంత పనైన చోట వేలు పెట్టింది.

“ఇక్కడ ఏం రాసి తుడిచావు?”

“అయిదు, మేడమ్.”

“ఎందుకు?”

మూతలక్క నేల చూసింది. పరీక్షకురాలు రెట్టించలేదు, ఇంకో ప్రశ్నకు వెళ్ళింది. “రెండోసారి వల ఎక్కడెక్కడ వేశావు?”

“నాలుగు మూలలా వేశాను మేడమ్. అడుగున, నాచు కింద కూడా.”

“నేను నీ వెనకే నిలబడి చూశాను. సరిగ్గానే వేశావు. మరి అంచున ఉన్నవే ఎక్కువ పడ్డాయని ఎలా రాశావు? అన్నిచోట్లా వేశావుగా.”

అవును, అన్నిచోట్లా వేసింది. తాను రాసిన కారణం తన పద్ధతికే అడ్డం తిరిగింది.

“పోనీ, ఇది చెప్పు. నీ పద్ధతిలో తప్పు లేదు. లెక్కలో తప్పు లేదు. మరి తొంభై తప్పని నీకు ఎవరు చెప్పారు?”

ఇదే ప్రశ్న వస్తుందని ఆవిడ అనుకోలేదు. ‘ఊరికే అనిపించింది మేడమ్’ అంటే సరిపోతుంది. ఆ మూడు మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తూ, తన కళ్ళద్దాలు తన నెత్తిమీదే ఉండగా జేబుల్లో వెతుక్కుంటున్నాడు. పాపం, ఈయనకేం తెలుసు? మూతలక్క బల్ల అంచు పట్టుకుంది.

“ఈ తొట్టెల్లో నత్తలు వేసింది నేనే మేడమ్. ఏడులో నూట ఎనభై వేశాను. రెండుసార్లు లెక్కపెట్టి వేశాను.”

పెద్దసారు దిగ్గున లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. “అయ్యో! నేనే... నేనే ఇచ్చాను చీటీ. ఈవిడ కూడా రాస్తోందని నాకు... తప్పు నాది మేడమ్, ఆవిడది కాదు.”

“మీ సంగతి తర్వాత మాట్లాడతాను, కూర్చోండి” అంది పరీక్షకురాలు తల తిప్పకుండా. పెద్దసారు పడిపోయిన కుర్చీ నిలబెట్టుకుని కూర్చున్నాడు. “పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?”

“భయం వేసింది మేడమ్. ఇదే ఆఖరి అవకాశం. తొంభై నేను పట్టిందే రాశాను. అయిదని దిద్దాను, నిజమే. మళ్ళీ తుడిచేశాను. పరీక్ష రద్దు చేస్తే చేయండి. సారును మాత్రం ఏమీ అనకండి.”

పరీక్షకురాలు కాగితం పక్కన పెట్టింది. “వెళ్ళి ఆ తొట్టె తీసుకురా” అంది. “నా ఎదురుగా లెక్కపెట్టు.”

మూతలక్క ఏడో తొట్టె ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టింది. ట్రే పక్కన పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు చేతులది. నాచు ఎత్తి విదిలించి పక్కన పెట్టింది. పదేసి చొప్పున తీసి ట్రేలో వరసలు పేర్చింది. నలభై. అరవై. ఎనభై. తొట్టె అడుగు కనిపిస్తోంది. అడుగు ఇంత తొందరగా ఎందుకు కనిపించాలి? తొంభై. ఇంకా నాలుగు. వేళ్ళతో మూలలన్నీ తడిమింది. నాచు మళ్ళీ విదిలించింది. ఇంకేమీ లేవు.

“తొంభై నాలుగు” అంది. “లేదు మేడమ్, నేను నూట ఎనభై వేశాను. ఒట్టు. నేను లెక్క తప్పను.”

“తప్పలేదు. ఆ గుడ్డ తియ్యి.”

మూతలక్క వంగి బల్ల కింది బకెట్టు మీది గుడ్డ తీసింది. నిండా నత్తలు. కొన్ని అప్పుడే అంచు దాటి బల్ల కాలు మీదికి పాకుతున్నాయి.

“ఇన్నేళ్ళుగా పరీక్షలకు తిరుగుతున్నాను” అంది పరీక్షకురాలు. “ఏ కాలేజీలోనైనా చీటీలో అంకెలు ఎలాగోలా బయటికి వస్తాయి. అందుకే తలుపు వేసుకుని కొన్ని తొట్టెల్లోంచి నేనే తీసేస్తాను. ఏడులోంచి ఎనభై ఆరు తీశాను. నువ్వు నూట ఎనభై రాసుంటే, ఇవాళ నిన్ను ఇక్కడినుంచి పంపించేసేదాన్ని. నీకు తెలిసిన అంకె ఈ తొట్టెలో లేదు. కాబట్టి నీ పరీక్ష చెల్లుతుంది.”

మూతలక్క నేలమీద కూర్చుండిపోయింది. తొంభై సరైనదే. వల నిజం చెప్పింది. తాను నమ్మలేదు. నమ్మకపోగా, లేని కారణం ఒకటి కల్పించి దానికి అంటించింది. పోయిన పరీక్షలో పుస్తకంతో పోట్లాడి ఓడింది, ఇవాళ తన లెక్కతోనే పోట్లాడింది. నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. ఏది ఆపాలో తెలియక రెండిటినీ వదిలేసింది.

“ఆ కారణం తప్పు. దానికి మూడు మార్కులు కోస్తున్నాను” అంటూ పరీక్షకురాలు ఎర్ర కలంతో కొట్టేసింది. “ఆలస్యంగా చెప్పినందుకు ఇంకో రెండు. అయినా పాసయ్యావు. లే.”

మూతలక్క లేవలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, బల్ల కాలిమీది నత్తలను ఒక్కొక్కటే తీసి బకెట్టులో వేస్తోంది. వేస్తూ వేస్తూ, ఎవరితో మాట్లాడుతున్నదీ మరిచిపోయి, పాత గొంతుతో ఖంగుమంది.

“గుడ్డ కప్పితే ఆగుతాయా ఇవి? మూత ఎవరు పెడతారు మేడమ్?”

కిటికీ దగ్గర పెద్దసారు ఉలిక్కిపడ్డాడు. పరీక్షకురాలు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, చుట్టూ వెతికి, అలమరా కింద కనబడిన బకెట్టు మూత తెచ్చి తనే పెట్టింది.